తేలిక సరుకు

బెంజ్ సర్కిల్ దగ్గర పళ్ళ డాక్టరుగారి హాల్లో కూర్చుని ఉన్నాను. నా ముందు ఇంకా ఆరుగురున్నారు. గోడమీది టీవీలో ఒకాయన స్టీలు గిన్నెలు అమ్ముతున్నాడు. ఒక్కో గిన్నే ఎత్తడం, మూత తీయడం, మూత పెట్టడం, లోపల అద్దంలా ఉందంటూ తన మొహం తనే చూసుకుని మురిసిపోవడం. ముప్పై రెండు పీసులట. ఇంకో పది నిమిషాల్లో ఆఫరు అయిపోతుందట. నేను వెళ్ళి కూర్చున్నప్పుడు మొదలైన ఆ పది నిమిషాలూ నా చిగురుకి మత్తుసూది పడేదాకా అవలేదు.

పక్క కుర్చీలో మైలవరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. నా చేతిసంచి మీద కొట్టు పేరు చదివి ఇటు తిరిగారు.

"స్టీలు సామాన్ల కొట్టాండీ మీది? అయితే మీరే చెప్పాలి. ఈ టీవీలో చూపించేవి కొనొచ్చంటారా? పెట్టిన డబ్బుకి తగ్గ సరుకేనా?"

"శుద్ధ దండగండీ," అన్నాను. దవడ వాచి అప్పటిదాకా మంచినీళ్ళు కూడా సరిగ్గా అడగలేకపోయిన వాణ్ణి, ఆ మాట మాత్రం స్పష్టంగా అన్నాను.

వన్‌టౌన్‌లో మా నాన్న పెట్టిన కొట్టు. నేను కూర్చోవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. స్టీలు గురించి నేను చెప్పిన మాటలో అబద్ధం ఉండదు. కానీ ఆ మాటలో ఉన్న కసి సరుకు మీది కాదు. కంకిపాడు అక్కయ్యగారి మీది. ఆవిణ్ణి నా కొట్లోంచి ఎగరేసుకుపోయిన ఆ టీవీ మీది. దీన్ని అసూయ అంటారు. ఇంకాస్త మర్యాదైన పేరు దొరుకుతుందేమోనని వెతికాను గానీ దొరకలేదు.

ఆవిడ పోయిన వానాకాలంలో కాలం చేశారు. నాకు తెలిసింది నాలుగు నెలల తర్వాత. ఆ నాలుగు నెలలూ ఆవిడ రావడం లేదంటే ఆ టీవీ వాళ్ళ దగ్గరే కొనుక్కుంటున్నారనుకున్నాను. చనిపోయిన మనిషి మీద ఉడుక్కుంటూ కూర్చున్నాను.

ఆవిడ పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు, ఇప్పుడు కాగితం మీద పిలవడం ఏం బాగుంటుంది. ఆవిడ నన్ను తమ్ముడుగారూ అనేవారు, నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. వాళ్ళది కంకిపాడు దగ్గర వ్యవసాయం, మాది వ్యాపారం. బేరాల్లో పుట్టిన వరస అది. సొంత వరసలకన్నా బాగానే నిలిచింది.

పంట చేతికొచ్చాక ఏడాదికి మూడు నాలుగు సార్లు వచ్చేవారు. బందరు రోడ్డు బస్సు దిగి, ఆటో ఎక్కకుండా, కాలువ వంతెన దాటి నడిచొచ్చేవారు. నల్లగొడుగు, చంకలో మడతపెట్టిన ఖాళీ సంచి. దారి పొడుగునా స్టీలు కొట్లే. ప్రతి కొట్టువాడూ "రండమ్మా, రండి, చూడండమ్మా" అనేవాడు. ఆవిడ మాట్లాడకుండా గొడుగుని అటువైపు కాస్త వంచి నడిచేవారు. ఆ వంచిన గొడుగు మా కొట్టు ముందుకొచ్చాక నిటారుగా లేచేది. అది చూడ్డానికి నేను గల్లాపెట్టె వదిలి గుమ్మంలోకొచ్చి నిలబడేవాణ్ణి. ఎదురు కొట్టాయన మొహం మాడ్చుకునేవాడు. అప్పట్లో అసూయ అనేది అవతలివాళ్ళకొచ్చే జబ్బని నా నమ్మకం.

కూర్చుని, ముంతెడు మంచినీళ్ళు తాగి, చేతులు పమిటకి తుడుచుకుని అప్పుడు సరుకు ముట్టుకునేవారు. గిన్నె ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవారు. మొదటి దెబ్బ దాన్ని నిద్రలేపడానికట, రెండోది వినడానికట. మంచి గేజి గిన్నె, అంటే రేకు మందంగా ఉన్నది, నిండుగా పలుకుతుంది. పల్చటిది గలగలమంటుంది. నేను పక్కనుంచి ఈ కంపెనీ గొప్ప, ఆ కంపెనీ గొప్ప అంటూ మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవారు.

"తమ్ముడుగారూ, మీరు కాసేపు ఊరుకోండి. మాట్లాడాల్సింది సరుకు, మనిషి కాదు."

ఆ తర్వాత బేరం. అరగంటకి తక్కువ కాకుండా సాగేది. ఆవిడ బేరంలో దెబ్బలాట ఉండదు. ఒక ధర చెప్పి, మా నాన్నగారి ఫోటో వంక చూసి, ఆయన ఉంటే ఏమనేవారో అన్నట్టు కూర్చునేవారు. ఆ చూపుకి నేను దిగేవాణ్ణి. అంతా అయ్యి, సంచి మూతి కట్టి, మెట్టు దిగి, గొడుగు విప్పబోతూ వెనక్కి తిరిగేవారు.

"మరి?"

అంతే. ఆ ఒక్క మాటే. అది కొసరు అడగడం. నేను ఉలిక్కిపడ్డట్టు నటించి, బల్లకింద ముందే తీసిపెట్టుకున్న గరిటో టీ జల్లెడో అందించేవాణ్ణి. ముందే తీసిపెట్టానని ఆవిడకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా ఇద్దరం ఏనాడూ బయటపడలేదు.

ఆ చుట్టుపక్కల ఏ పిల్లకి పెళ్ళి కుదిరినా సారె సామాను కొనడానికి ముందు ఆవిడ నడిస్తే వెనక పెళ్ళివారు నడిచేవారు. మొదట బిందె తీయించేవారు. దానికి పసుపూ కుంకుమా పెట్టాకే మిగతావి. మొత్తం లెక్క బేసిగా ఉండాలి. పదిహేడో, ఇరవై ఒకటో, సరిసంఖ్య మాత్రం పనికిరాదు. ఆవిడ తట్టందే పెళ్ళికూతురి తల్లి గరిటె కూడా ముట్టుకునేది కాదు. ఒకసారి పెద్ద పెళ్ళి బేరం తగిలింది. ఆవిడ రుణం ఉంచుకోకూడదనిపించి, నాలుగు గిన్నెల క్యారేజి ఒకటి కాగితంలో చుట్టి సంచిలో పెట్టబోయాను. ఆవిడ దాన్ని తీసి బల్లమీద పెట్టారు.

"అడక్కుండా ఇచ్చేది కొసరు కాదు తమ్ముడుగారూ. అది ఎర."

అన్నారు, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడాది కోతలయ్యేదాకా ఇటు తొంగి చూడలేదు. నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. మా ఆవిడ నవ్వింది. "మీ అక్కయ్యగారు వచ్చిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటారు, రాకపోతే నామీద ఎగురుతారు. నా తోడికోడలు కూడా మన మధ్య ఇన్ని గొడవలు పెట్టలేదు," అంది.

అలాంటి మనిషి ఒక వేసవిలో, మినుము తీసిన రోజుల్లో, వచ్చారు. చాలా నెలల తర్వాత రావడం. నేను గుమ్మంలోకి పరుగెత్తాను. గొడుగు నిటారుగానే లేచింది. కానీ సంచి మడతపెట్టి లేదు, నిండుగా ఉంది. బస్సు దిగి నడిచి కాదు, వీధి మొదటిదాకా ఆటోలో వచ్చారు. నేను నా సంతోషంలో పడి ఈ తేడాలు పట్టించుకోలేదు.

కూర్చుని, నీళ్ళు తాగి, సంచి బల్లమీద కుమ్మరించారు. తళతళమంటున్న గిన్నెలు, గాజుమూతలు, చెంచాలు.

"వీటికి పేర్లు వేయించాలండీ," అన్నారు.

గిన్నెల మీద పేర్లు వేసే మిషను మా కొట్లో ఉంది. వేసేది నేనే. పల్లెటూళ్ళో కూరగిన్నె ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరుగుతుంది. పేరు లేని గిన్నె తిరిగి సొంతింటికి రాదు. అందుకని మా దగ్గర కొన్న ప్రతిదానికీ పేరు ఊరికే వేసిస్తాం. మా దగ్గర కొన్నదానికి.

"ఎక్కడివండీ ఇవి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"టీవీలో చూసి తెప్పించానండీ. ఫోను చేస్తే ఇంటికే తెచ్చారు. బస్సెక్కే పన్లేదు, మొయ్యక్కర్లేదు. పెట్టె విప్పి చూసుకున్నాకే డబ్బు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారంట."

ఇంకా ఏదో చెప్పాలని ఆవిడకి ఉబలాటంగా ఉంది. మోకాలు మీద చెయ్యి వేసుకుని ముందుకి వంగారు.

"అసలు సంగతి వినండి. ముప్పై రెండన్నాడు టీవీలో. ముప్పై రెండంటే సరిసంఖ్య కదండీ, అట్టా ఎట్టా తీసుకుంటాం? ఇంకోటి వెయ్యమ్మా అన్నాను. ఫోన్లో పిల్ల, మేడమ్ అలా కుదరదు మేడమ్ అంది. నేను ఫోను పెడితేగా! మీ ఇంట్లో పెళ్ళికి సరిసంఖ్య పెడతారా తల్లీ అని అడిగాను. ఉండండి మేడమ్ అంది. ఎవర్నో అడిగొచ్చింది. సరే మేడమ్, మీ ఒక్కరికే, గరిట ఒకటి వేయిస్తున్నాను అంది. ఇదుగోండి."

ఆ గరిటె తీసి నాకు చూపించారు. మనవడి మార్కులు చూపించినట్టు చూపించారు. నేనది చేతిలోకి తీసుకోలేదు. దేశంలో ఎందరో ఆ టీవీల్లో కొంటున్నారు, ఒక్కరైనా దానితో బేరమాడి ఉంటారా? ఈవిడ ఆడారు. ఆడి కొసరు రాబట్టారు. కొసరంటే నాకూ ఆవిడకీ మధ్య మాత్రమే ఉన్న సంగతనుకుంటూ అన్నేళ్ళు బతికాను. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల, ఎక్కడో చెవికి తీగ తగిలించుకుని కూర్చున్న పిల్ల, ఒక్క ఫోనులో అందులోకి వచ్చేసింది.

"తట్టి చూశారా మరి?" అన్నాను వెటకారంగా. "సరుకు మాట్లాడాలనేవారు కదా."

"టీవీని తడితే ఏం వినపడుద్దండీ?" అని నవ్వారు.

అక్కడితో ఊరుకుంటే పెద్దమనిషినయ్యేవాణ్ణి. కొట్లో ఇంకో ముగ్గురు బేరగాళ్ళున్నారు. వాళ్ళంతా చూస్తుండగా కాటా ముందుకి లాగాను. మా వ్యాపారంలో స్టీలుకి తూకమే ప్రమాణం. ముప్పై మూడింటినీ కాటామీద పెట్టాను. రెండో పళ్ళెంలో మా వంట గుండిగ ఒక్కటి పెట్టాను. గుండిగే మొగ్గింది. తర్వాత పీసులు విడదీయడం మొదలుపెట్టాను. మూతలు ఒక వైపు, చెంచాలు ఒక వైపు, మూతల పిడులు కూడా లెక్కేశారేమోనని వెతికాను.

"మూతని కూడా పీసంటే, మనిషినీ వాడి చొక్కానీ కలిపి ఇద్దరనొచ్చు," అన్నాను. బేరగాళ్ళు పడీపడీ నవ్వారు. "రేకు చూడండి. రెండేళ్ళలో సొట్టలు పడకపోతే నన్నడగండి. అక్కయ్యగారూ, మిమ్మల్ని నిలువునా ముంచారు."

ఆవిడ నవ్వలేదు, కోపగించుకోలేదు.

"ఔనండీ. తేలికే," అన్నారు.

నాకు అది చాల్లేదు. ఒప్పుకుంటారనుకున్నాను, నొచ్చుకుంటారనుకున్నాను, ఇకమీదట మీ దగ్గరే తమ్ముడుగారూ అంటారనుకున్నాను. మిషను తీసి పేర్లు వేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పేది మా ఆవిడకి కూడా చెప్పలేదు. కావాలని నొక్కాను. ఆ పల్చటి రేకుకి సూది ఎంత తేలిగ్గా ఆనించాలో నాకు బాగా తెలుసు. అయినా నొక్కాను. అక్షరాలు గిన్నె లోపలి వైపు బుడిపెలుగా తేలాయి.

"చూశారా," అని ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ గిన్నె లోపల వేలు పెట్టి తడిమారు. "లోపల కూడా పడిందే! ఇంకెవరూ కాజెయ్యలేరు లెండి," అన్నారు. నిజంగానే సంతోషించారో, నా పరువు కాపాడారో ఇప్పటికీ తేల్చుకోలేను. అన్నీ సంచిలో సర్దుకుని మెట్టు దిగారు. నేను బల్లకింద చెయ్యి పెట్టి ఉంచాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆవిడ నా దగ్గరేమీ కొనలేదు కదా, కొసరు దేనికి అడుగుతారు. ఆ న్యాయం తెలిసి కూడా నాకు కళ్ళు మండాయి.

అప్పట్నుంచి మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినప్పుడల్లా ఆ చానలే పెట్టుకున్నాను. మా ఆవిడ సీరియలు పోయింది. ఒకటే సరుకు అరగంట చూపిస్తారు. ఇంట్లో కూరలు కోసే చాకు లేనట్టూ, ఇన్నాళ్ళూ ఉల్లిపాయలు కొరుక్కుతిన్నట్టూ చెబుతారు. పెద్ద ధర ఒకటి రాసి, దాన్ని కొట్టేసి, కింద చిన్న ధర రాస్తారు. ఆ పెద్ద ధరకి అది ఏనాడైనా ఎవరైనా కొన్నారా అని అడిగే దిక్కు లేదు. వాళ్ళు చెప్పినదానిలో సగం అబద్ధమని నాకు తెలుసు. ఆ సగం కూడా ఎంత హాయిగా చెబుతున్నారో చూస్తే ఒళ్ళు మండేది. నేను నిజం చెప్పినప్పుడు కూడా అంత హాయిగా చెప్పలేదు.

ఒకరోజు నంబరు కలిపాను. నా ఉద్దేశం వాళ్ళని పట్టుకుని దులపడం. ఆడపిల్ల తీసింది. మంచి గొంతు. అదీ నచ్చలేదు.

"గేజి ఎంతమ్మా?" అన్నాను.

"ప్రీమియం క్వాలిటీ సార్."

"అది కాదమ్మా. రేకు మందం ఎంత? మొత్తం తూకం ఎంత?"

"సార్, వంట ఎవరు చేస్తారు సార్ మీ ఇంట్లో?"

"మా ఆవిడ."

"మేడమ్ గారికి చేతులు నెప్పులేమైనా ఉన్నాయా సార్? బరువు గిన్నెలు దించుకోలేక చాలామంది ఇబ్బంది పడుతున్నారు సార్. మన సెట్టు చాలా తేలిక సార్."

తడుముకోలేదు, ఆగలేదు, ఊపిరి తీసుకున్నట్టు లేదు. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి చదువుతోందని తెలిసిపోతోంది. చూశావా, ఇదీ వీళ్ళ ప్రేమ, అనుకుని ఫోను పెట్టేశాను. ఎవరితో మాట్లాడుతున్నారని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. రాంగ్ నంబరన్నాను.

అక్కయ్యగారు ఆఖరిసారి రావడం మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు. పొద్దున పదింటికి, వెనక పెళ్ళికూతురితో, పెళ్ళికూతురి తల్లితో. ఇంకా కొట్టు కడిగిన తడి ఆరలేదు. ఆ గొడుగు మెట్టుదాకా వచ్చేసరికి నా రొమ్ము ఎంత పొంగిందో చెప్పలేను. అయినా నా నోరు ఊరుకోలేదు.

"అదేంటండీ, టీవీలో తెప్పించకపోయారా? ముప్పై మూడొచ్చేవి," అన్నాను అందరూ వినేలా.

"పెళ్ళికూతురి సామాను టీవీలోనా?" అన్నారు ఆవిడ ఆశ్చర్యంగా. "దాని పిల్లల పెళ్ళిళ్ళదాకా ఉండాలండీ అవి. అందుకు మీ సరుకే. బిందె తియ్యండి ముందు."

గెలిచాననుకున్నాను. అటకమీదనుంచి మా కొట్లో ఉన్న అన్నిటికన్నా మంచి గేజి బిందె దించి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ రెండు చేతులతో దాన్ని చెవిదాకా ఎత్తబోయారు. సగందాకా లేచింది. చేతులు వణికాయి. బిందె జారి గచ్చుమీద పడి, దొర్లుకుంటూ మెట్టు దిగి రోడ్డుమీదికి పోయింది.

పెళ్ళికూతురి తల్లి మొహం తెల్లబోయింది. మొదటి బిందె, పసుపు కూడా పెట్టకముందే. ఆవిడ ఆ తల్లి వంక చూసి చప్పున అందుకున్నారు.

"విన్నావా, ఎంత నిండుగా పలికిందో! నేను తడితే ఇంత తెలిసేది కాదు. ఇదే తీసుకోండమ్మా. ఎల్లి తెచ్చుకుని సొట్ట పడిందేమో చూస్కోండి. పడదు."

తల్లీకూతుళ్ళు నవ్వుకుంటూ బిందె కోసం మెట్టు దిగారు. నేను మాత్రం ఆవిడ చేతులనే చూస్తున్నాను. వేళ్ళ కణుపులు వాచి, ఉసిరికాయల్లా ఉన్నాయి. ఉంగరం లేదు. ఉన్నచోట నొక్కు మాత్రం మిగిలింది. మొన్న వేసవిలో మోకాలు మీద పెట్టుకున్నవీ, గిన్నె లోపల తడిమినవీ ఈ వేళ్ళే. నేను అప్పుడు కాటా చూస్తున్నాను.

"చేతులకేమైంది అక్కయ్యగారూ?"

"కీళ్ళవాతమంటండీ. ఐదేళ్ళవుతోంది."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పేదేవుందండీ." చేతులు పమిట కిందికి లాక్కున్నారు. "ఒకసారి అడిగాను మిమ్మల్ని. అన్నం గిన్నె కొంచెం తేలిగ్గా ఉండేది లేదాండీ అని. తేలిక సరుకు మా గుమ్మమెక్కదు అన్నారు."

అన్నాను. నాకు గుర్తు లేదు గానీ అనే ఉంటాను. ఆ మాట నేను రోజుకి పదిసార్లు అంటాను, మా నాన్నా అనేవాడు. ఆవిడ మరి ఇంకేమీ అనకుండా ఆ బరువు గిన్నే కొనుక్కుని, మెట్టు దిగి, మరి? అని గరిటె పుచ్చుకుని వెళ్ళి ఉంటారు.

"ఆ ఫోను పిల్ల అడిగిందండీ," అన్నారు. "మేడమ్ మీకు చేతులు నెప్పులేమైనా ఉన్నాయా అని. ఉన్నాయమ్మా అన్నాను. సొట్టలు పడతాయని నాకు తెలీదేంటండీ, ఎన్ని గిన్నెలు చూడలేదు? పడనీండి. ఇప్పుడు నా అన్నం నేను దించుకుంటన్నాను. కోడలికోసం చూడక్కర్లా."

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. నేను మూసుకోలేదు. ఆ పిల్ల మీద ఉన్న కడుపుమంటంతా ఒక్కసారి పైకొచ్చింది.

"అదేమన్నా మీమీద ప్రేమతో అడిగిందనుకుంటున్నారా? అందర్నీ అడుగుతారండీ అది. ఎవడో రాసిచ్చిన ప్రశ్న. నన్నూ అడిగింది."

ఆవిడ నా వంక చూశారు.

"మీరూ చేశారా ఫోను!"

పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నేను కాటా పళ్ళెం తుడవడం మొదలుపెట్టాను. నవ్వు ఆగాక, ఎగతాళి ఏ మాత్రం లేకుండా, మామూలుగా బేరంలో ధర అడిగినట్టు అడిగారు.

"రాసిచ్చిందేనండీ. ఆమాత్రం నాకు తెలీదా. మరి మీకెవరూ రాసివ్వలేదేంటి తమ్ముడుగారూ?"

ఈలోపు తల్లీకూతుళ్ళు బిందెతో మెట్టెక్కారు. సొట్ట లేదు. ఆవిడ పసుపు అడిగారు. ఇరవై ఒక్క సామాన్లు తీశాం. ప్రతిదీ నేనే ఎత్తి ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాను, ఆవిడ తాళంచెవితో తట్టారు. ఆ రోజు బేరం ఎంతసేపు సాగిందో, ఎక్కడ తెగిందో నాకు తెలియదు.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఆ వారమే తేలిక సరుకు రెండు పెట్టెలు తెప్పించాను. ఎదురు కొట్టాయన చూసి, వీడూ దిగొచ్చాడన్నట్టు నవ్వాడు. నవ్వుకోనీ అనుకున్నాను. అందులోంచి అన్నం గిన్నె ఒకటి, పప్పు గిన్నె ఒకటి తీసి, సూది తేలిగ్గా ఆనించి ఆవిడ పేరు వేసి బీరువాలో పెట్టాను. అడక్కుండా ఇచ్చేది ఎర అంటారని భయమేసి, కబురు పంపలేదు. వస్తే ఆవిడే అడిగేలా ఎలా చేయాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. వానలొచ్చాయి, వెళ్ళాయి, ఆవిడ రాలేదు, మళ్ళీ ఆ టీవీనే తిట్టుకున్నాను. దీపావళి దాటాక ఆ పెళ్ళికూతురి తల్లి ఇడ్లీ పాత్ర కోసం వచ్చి, ఆవిడ పోయారు కదండీ, మీకు తెలీదా అంది. ఆ ఫోను పిల్లకి మాత్రం తెలుసా? ఆవిడ నంబరుకి కొత్త ఆఫర్లు చెప్పడానికి ఇప్పటికీ చేస్తూనే ఉండి ఉంటుంది. కనీసం అది చేస్తూ ఉంది. నేను అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడకి ఫోను చేయలేదు.

ఆ మాఘమాసం రోజు సంగతి మాత్రం ఇంకొకటి మిగిలింది. పెళ్ళివారిని పంపి మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. టీవీ పెట్టలేదు. మా ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. మా కొట్లో అన్నిటికన్నా మంచి గేజి గిన్నె, పెళ్ళైన కొత్తలో నేనే ఏరి తెచ్చింది. రెండు చేతులా గుడ్డలు పెట్టుకుని, పొట్టకి ఆనించుకుని, అడుగులో అడుగు వేస్తూ తెస్తోంది. ఎన్నేళ్ళనుంచి అలా తెస్తోందో నాకు తెలియదు.

"నీకు చేతులు నెప్పులేమైనా ఉన్నాయా?" అన్నాను.

మా ఆవిడ గిన్నె బల్లమీద దించింది. కుడి మణికట్టుని ఎడంచేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఎవరు అడగమన్నారు?" అంది.

ఎవరూ అడగమనలేదు, నేనే అడుగుతున్నానన్నాను. నమ్మలేదు.